సున్నా ఇల్లు

గుంటూరు జిల్లా సుఖంగా ఉందని గోడ చెప్పింది.

గోడంటే మామూలు గోడ కాదు. బెజవాడలో ప్రభుత్వ ప్రయోగశాల రెండో అంతస్తులో, ఒక గది పొడవునా పరిచిన అద్దాల పటం. జిల్లాలో డబ్బా పెట్టించుకున్న ప్రతి ఇల్లూ దాని మీద ఒక చుక్క. ఇల్లు తేలిగ్గా ఉంటే చుక్క ఆకుపచ్చగా ఉంటుంది, బిగుసుకుంటే పసుపవుతుంది, తెగేదాకా వస్తే ఎర్రబడుతుంది. ఆ పొద్దున గోడ నిండా నాట్లేసిన వరి పొలంలా పచ్చదనమే. కార్యదర్శి పురుషోత్తంగారు దాని ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు. అది బాగా రాలేదని ఇంకోటి తీయించుకున్నారు.

"దయామణిగారూ, మీరు కూడా రండి. ఇదంతా మీ చలవేగా," అన్నారు.

దయామణి వెళ్ళి నిలబడింది. సంతోషంగానే నిలబడింది. అబద్ధమెందుకు, ఆ పూట ఆమె కాళ్ళు నేల మీద లేవు.

ఆ యంత్రాన్ని కనిపెట్టింది ఆమే. కాగితాల్లో దాని పేరు గృహసూచి. జనం మాత్రం బిగువు డబ్బా అంటారు. సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది, వంటింటికీ ముందు గదికీ మధ్య గోడకు తగిలిస్తారు. మనుషులు ఏం మాట్లాడుకుంటున్నారో దానికి అక్కర్లేదు, ఎలా మాట్లాడుకుంటున్నారో కావాలి. గొంతులో జీర, అడుగుల్లో బరువు, పొయ్యి ఎంతసేపు వెలిగింది, పళ్ళెం ముందు మనిషి ఎంతసేపు కూర్చున్నాడు, మాటకీ మాటకీ నడుమ ఎంత మౌనం, అన్నీ కలేసి ఒక్క అంకె చెబుతుంది. ఆ ఇల్లు ఎంత బిగువులో ఉందన్నదే ఆ అంకె. మనుషుల్ని నేరుగా అడిగితే పరువు కోసం బాగున్నామంటారు, ఏదైనా ఇస్తారేమోనని బాగోలేమంటారు, డబ్బాకి మాత్రం మొహమాటం లేదు అని దయామణి వాదించేది. ఆ వాదనతోనే ఆమెకు ప్రయోగశాల వచ్చింది, పేరొచ్చింది, డ్రైవరుతో సహా కారొచ్చింది.

ఇప్పుడు ప్రభుత్వం ఏ పథకం పెట్టినా డబ్బా మొహం చూసే పెడుతోంది. తాజాగా పెట్టింది 'కొత్త చేతులు'. అంతవరకూ ఎక్కడా ఉద్యోగం చేయని కుర్రవాణ్ణో అమ్మాయినో ఏ కంపెనీ చేర్చుకున్నా, ఏడాదిపాటు సగం జీతం ప్రభుత్వం భరిస్తుంది. చదువుకుని ఖాళీగా తిరిగేవాళ్ళకి పని దొరుకుతుందంటే ఎవరు కాదంటారు? ముందు గుంటూరు జిల్లాలో పెట్టి చూశారు. ఉద్యోగాల్లో చేరినవాళ్ళ సంఖ్య ఎగబాకింది. ఇళ్ళ బిగువు రవ్వంత కూడా పెరగలేదు. వచ్చే మంత్రివర్గ సమావేశంలో పెట్టి రాష్ట్రమంతా అమలు చేసేద్దామని పురుషోత్తంగారు ఉవ్విళ్ళూరుతున్నారు.

"దానికి ముందు చిన్న వీడియో ఒకటి తీద్దాం," అన్నారాయన. "ఏదైనా మిల్లులో. కొత్త పిల్లలు, మిషన్లు, మధ్యలో మీరు. మీ అన్నగారు కూడా మిల్లులోనే కదా? ఆయన్ని మీ పక్కన నిలబెడదాం. సెంటిమెంటు పండుతుంది."

అన్నగారి సంగతి ఆ ల్యాబులో అందరికీ తెలుసు. రాష్ట్రం మొత్తానికి సున్నా ఆయన ఇల్లే మరి.

ఏ కొలతకైనా ఒక మొదలుండాలి. మంచు కరిగేచోట థర్మామీటరుకి సున్నా పెట్టుకున్నారు. ఇంటి బిగువుకి సున్నా ఎక్కడ పెట్టాలి? బొత్తిగా బిగువు లేని ఇల్లొకటి చూసుకుని, మిగతా ఇళ్ళన్నిటినీ దానితో పోల్చి కొలవాలి. డబ్బా తయారైన కొత్తలో దీని మీద ల్యాబులో పెద్ద రభసే జరిగింది. డైరెక్టరు కామేశంగారు ఎవరో పొగాకు షావుకారు ఇల్లు చెప్పారు.

"డబ్బున్న ఇంట్లో ఉన్నంత బిగువు ఇంకెక్కడా ఉండదు సార్," అని దయామణి నవ్వేసింది. "మా అన్నయ్య ఇంట్లో పెడదాం. అంత నెమ్మదైన ఇల్లు నేనెక్కడా చూడలేదు."

మనస్ఫూర్తిగానే అంది. గుంటూరులో నల్లపాడు వైపు రెండు గదుల ఇల్లది. అన్నయ్య ఇశ్రాయేలు నూలు మిల్లులో తెగిన పోగులు అతికే పని చేసేవాడు. వదిన పేరు సువార్త. వాళ్ళకు పిల్లల్లేరు. అమ్మా నాన్నా పోయాక చిన్నపిల్ల మణిని పెంచి, చదివించి, ఇంతదాన్ని చేసింది వాళ్ళే. ఆ ఇంట్లో ఎవరైనా గొంతు పెంచడం ఆమె ఎన్నడూ వినలేదు. ఏడాదిపాటు డబ్బా అక్కడ వేలాడింది. అంకెలు ఒడిదుడుకుల్లేకుండా నున్నగా వస్తుంటే కామేశంగారే ముచ్చటపడి, ఇక్కడే గీద్దాం సున్నా అని గీసేశారు.

మిల్లు చిలకలూరిపేట రోడ్డులో ఉంది. లోపల అడుగుపెడితే మాట మాటకు వినపడదు. వరసగా నూలు వడికే రింగ్ ఫ్రేములు, వాటి ముందు కొత్త ఏప్రన్లు కట్టుకున్న ఆడపిల్లలు, మగపిల్లలు. కెమెరా చూసి సిగ్గుపడుతున్నారు, నవ్వుకుంటున్నారు. వాళ్ళ మొహాలు చూస్తే దయామణికి కడుపు నిండిపోయింది. మేనేజరు పక్కనే చేతులు కట్టుకుని నడుస్తున్నాడు.

"ఇశ్రాయేలుది ఏ షిఫ్టండీ?" అని అడిగింది.

"ఏ ఇశ్రాయేలు మేడం?"

"ఇక్కడే, ఫ్రేముల దగ్గర. చాలా ఏళ్ళ నుంచి ఉన్నాడు. మా అన్నయ్య."

మేనేజరు ఒక్క క్షణం తడబడ్డాడు. "మీ అన్నగారని తెలియదు మేడం. తెలిస్తే ఏదో ఒకటి చూసేవాళ్ళం. పాత బ్యాచి మొత్తాన్ని చలికాలంలోనే సెటిల్ చేసి పంపించేశాం."

"ఎందుకు?"

"ఎందుకేంటి మేడం, మీ స్కీమే కదా!" అతని గొంతులో ఎకసెక్కం లేదు, నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. "కొత్తవాళ్ళయితే సగం జీతం గవర్నమెంటు ఇస్తుంది. పాతవాళ్ళకైతే మొత్తం మేమే ఇచ్చుకోవాలి. నా చోట మీరున్నా అదే చేస్తారు. తలల సంఖ్య తగ్గకూడదని రూలు పెట్టారు, తగ్గలేదు. నిజానికి పెంచాం కూడా. ఏ తలలన్నది మీరు అడగలేదు."

"ఏడాది తిరిగాక ఈ పిల్లల సంగతేంటి?"

"ఏడాది తిరిగితే వీళ్ళు మాత్రం పాతవాళ్ళు కారా మేడం?" అని అతను నవ్వాడు.

వీడియో తీశారు. దయామణి కెమెరా ముందు మాట్లాడింది కూడా. ఏం మాట్లాడిందో తర్వాత ఆమెకే గుర్తులేదు. చాలా బాగా వచ్చిందని అందరూ అన్నారు.

డ్రైవర్ని తిన్నగా నల్లపాడు పోనిమ్మంది. గుమ్మంలో వదిన ఎదురొచ్చింది.

"రా రా మణీ! చెప్పాపెట్టకుండా వచ్చావే! మీ అన్నయ్య డ్యూటీకి పోయాడు. ఇంకాసేపట్లో వచ్చేస్తాడులే, కూర్చో." సువార్త గొంతు గలగలా మోగింది. గోడ మీద డబ్బాలో పచ్చదీపం వెలుగుతోంది. అంకె సున్నా.

దయామణి కూర్చోలేదు. వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద గిన్నె, గిన్నె మీద మూత, మూత అంచున ఆవిరి. మూత తీసి చూసింది. మరుగుతున్నది నీళ్ళు. బియ్యం గింజ కూడా లేదు. వెనక్కి తిరిగేసరికి వదిన నోటి మీద వేలు పెట్టుకుని, కళ్ళతో డబ్బాను చూపిస్తూ, వద్దన్నట్టు తలాడిస్తోంది. పైకి మాత్రం, "పప్పు ఉడుకుతోందిలే మణీ, నువ్వు చెయ్యి పెట్టబాక," అని హాయిగా అంటోంది.

అప్పుడే బయట కుళాయి దగ్గర ఎవరో ఆగకుండా తుమ్ముతున్న చప్పుడైంది. దయామణి వెళ్ళి చూస్తే ఇశ్రాయేలు. ఒళ్ళంతా ఎర్రటి పొడి, కళ్ళు చింతనిప్పులయ్యాయి. చెల్లెల్ని చూసి మొహాన నవ్వు తెచ్చుకోబోయాడు, మళ్ళీ తుమ్మొచ్చింది.

"మిర్చి యార్డుకి పోతున్నావా?"

"ఏదో, టిక్కీలు మొయ్యటానికి పిలిస్తే..." ఎండుమిరప బస్తాలు మోసి వచ్చిన ఆ భుజం మీద బొబ్బలు కనిపిస్తున్నాయి. "ఊరికే, కాలక్షేపానికి."

"అన్నయ్యా, మిల్లు నుంచే వస్తున్నా."

ఆయన కుళాయి కట్టేశాడు. తుండుతో మొహం తుడుచుకుంటూ చాలాసేపు దానిలోనే మొహం ఉంచాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వేం జేస్తావ్? పోయి ఆళ్ళతో తగాదా పడతావు. నీది గవర్నమెంటు ఉద్యోగం. నీకు మాటొస్తది."

"మీరు చెప్పకపోతే మానె, ఇంట్లో డబ్బా ఉంది కదా! మిల్లు మాన్పించిన దగ్గర్నుంచీ అది సున్నా మీద నుంచి కదల్లేదు! ఎట్లా?"

ఇశ్రాయేలు తప్పు చేసి దొరికిన పిల్లాడిలా నేల చూపులు చూశాడు. "దాని ముందు మేమేం అనుకోంలే అమ్మా."

"ఏమీ అనుకోకపోవడమేంటి?"

"నువ్వది తగిలించిన రోజే అనుకున్నాం మీ వదినా నేనూ. ఇది మణి చెవి, ఈడ ఏం జరిగినా ఆడ దానికి తెలిసిపోద్ది అని. పిల్ల ఒక్కతే ఉంటది ఆ ఊళ్ళో. మన గోలంతా ఇని దిగులు పెట్టుకుంటే ఇంక పనేం చేసుకుంటది? అందుకని దాని ముందు నవ్వుకుంటా పాటలు పాడుకుంటా ఉంటాం, ఏదన్నా మాట్లాడుకోవాల్సొస్తే ఇట్టా కుళాయి కాడికొస్తాం. మీ వదినకి మరీ ఏడుపొస్తే చర్చి వరండాలో కాసేపు కూర్చుని వస్తది. పొయ్యి ఎలిగిందో లేదో కూడా కనిపెడుద్దని నువ్వే చెప్తివి గదా. అందుకని పూటపూటకీ నీళ్ళన్నా పెడద్ది."

"మొదట్నుంచీ ఇంతేనా? ఆ మొదటి ఏడాది కూడానా?"

"ఆ ఏడు మరీను," అన్నాడు ఇశ్రాయేలు, ఎప్పుడో గడిచిపోయిన ముచ్చట చెబుతున్నట్టు తేలిగ్గా. "మిల్లుకి లాకౌటు గదా అప్పుడు. గంజి తాగి నెట్టుకొచ్చాం. నీకు తెలవదులే."

దయామణికి ముందు అన్న మీద పట్టరాని కోపం వచ్చింది. ఆయన రెక్క పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. ఎండలో నిలబడి లెక్క చూసుకుంటుంటే ఆమెకు చెమటలు పట్టాయి. రాష్ట్రమంతా సుఖమని ఏ ఇంటిని చూసి అనుకుంటోందో ఆ ఇంట్లో ఆ ఏడాది అన్నం లేదు. ఆకలితో మాడుతూ, చెల్లెలు వింటుందని పాటలు పాడుకున్న ఇల్లది. దానితో పోల్చి కొలుస్తుంటే ఏ చుక్కయినా రంగెందుకు మారుతుంది? జిల్లాలో పని పోయిన ఇల్లు ఏదైనా సరే, తన అన్నా వదినల కంటే ఎక్కువ పస్తులుండి, వాళ్ళ కంటే తక్కువ ఓర్చుకుంటే తప్ప గోడకి తెలియదు. గోడ నిండా కనపడిన ఆ పచ్చదనమంతా ఏమిటో ఆమెకు ఇప్పుడర్థమైంది. అక్కడే కుళాయి గట్టు మీద కూలబడింది.

"ఏమైందమ్మా?" అని ఇశ్రాయేలు కంగారుపడ్డాడు. "లోపలికి రా, మీ వదిన టీ పెడద్ది."

మర్నాడు కామేశంగారి గదిలో తలుపులు వేసి అంతా చెప్పింది. కామేశంగారు మంచివారు. అంటే, ఎవరికీ కష్టం కలగకుండా రిటైరైపోదామనుకునే రకం. విన్నాక ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సున్నా తప్పంటే ఇన్నేళ్ళ కొలతలన్నీ తప్పమ్మా. వాటిని చూసి పెట్టిన పథకాలన్నీ తప్పు. ఇది బయటికొస్తే మనిద్దరం ఎక్కడుంటామో ఆలోచించావా?"

"మనం ఎక్కడుంటే ఏంటి సార్! మా అన్నయ్య బస్తాలు మోస్తున్నాడు. ఆయన లాంటివాళ్ళు జిల్లాలో ఎంతమందో మనకి తెలియను కూడా తెలియదు. ఇప్పుడు దీన్ని రాష్ట్రమంతా పరుస్తారట!"

కామేశంగారు ఆమెను పురుషోత్తంగారి దగ్గరకు తీసుకెళ్ళారు. కార్యదర్శి ఓపిగ్గా విన్నారు. మధ్యలో అడ్డు రాలేదు. ఆయన మర్యాదకు ఎవరైనా దండం పెట్టాల్సిందే.

"మీ అన్నగారు నటించారని మీరంటున్నారు. డబ్బా నటన లేదంటోంది. మంత్రివర్గం దేన్ని నమ్ముతుంది? ఒక పని చేయండి. ఆ ఇంట్లో వాళ్ళని నటించకుండా ఉండమనండి. అప్పుడు డబ్బా ఏం చెబుతుందో నాకు తెచ్చి చూపించండి. అంకె మారితే నేనే పథకం ఆపిస్తాను."

ఆ మాట పట్టుకుని దయామణి గుంటూరు పరిగెత్తింది. అంకె మారితే చాలు, అన్నయ్య లాంటివాళ్ళ ఉద్యోగాలు రాష్ట్రంలో మిగతాచోట్లన్నా నిలబడతాయి. ఎంత తేలికైన పని! ఉన్నది ఉన్నట్టు ఉంటే సరిపోతుంది.

ఇశ్రాయేలు ససేమిరా అన్నాడు.

"అంటే ఇప్పుడు నేను గోడ ముందు నిలబడి ఏడవాలా?"

"ఏడవక్కర్లేదన్నయ్యా. నవ్వకుండా ఉండు చాలు. కుళాయి దగ్గర ఎట్లా ఉంటావో ఇంట్లో కూడా అట్లాగే ఉండు."

"ఇల్లన్నాక నాలుగు మంచి మాటలు మాట్లాడుకుంటారు. మన లేమిని గవర్నమెంటోళ్ళకి ఇనిపించటానికా ఇల్లు కట్టుకుంది? చూడు మణీ, నేను నిన్నేం అడగలా. మోస్తన్నా, తింటన్నా. ఇయ్యాళ కాకపోతే రేపు ఇంకో మిల్లు పిలవదా?"

"పిలవదు! ఎవరూ పిలవరు! నువ్వు కొత్తవాడివి కావు. నిన్ను పెట్టుకుంటే ఎవరికీ లాభం లేదు, ఆ రూలు మా వాళ్ళే రాశారు, అర్థం కావట్లేదా నీకు?"

ఆమె అరుస్తోందని ఆమెకే తెలియలేదు. ఆ ఇంట్లో గొంతు పెంచిన మొదటి మనిషి తనే అయింది. ఇశ్రాయేలు డబ్బా వంక చూసి, అలవాటు కొద్దీ గొంతు తగ్గించి, "భోంచేద్దాం లేవమ్మా," అన్నాడు.

అప్పుడు లేచింది సువార్త. మంచం మీద నుంచి లేచి తిన్నగా డబ్బా ముందుకెళ్ళి నిలబడింది.

"ఏం భోంచేస్తావయ్యా? ఏముంది భోంచెయ్యటానికి?" అంది. మొదట మెల్లగానే అంది. "ఇన్నేళ్ళ నుంచీ దీనికి పాటలు పాడతన్నా. ఇంట్లో మడిసి పోయినట్టుంటే పాటలు పాడతన్నా. నా గాజులు తీసి అమ్మిన రోజు గూడా గిన్నెలు మోగించుకుంటా నవ్వా, గాజుల చప్పుడు లేదేందని దీనికి అనుమానం రాకుండా. చాలు! ఇనవే, ఇను. ఈయన రేత్రిళ్ళు భుజం నొప్పికి మూలుగొస్తే దిండు కొరుక్కుంటాడు. మిరపకోరుకి దగ్గి దగ్గి నెత్తురు పడతంది, నాకు చూపియ్యకుండా కుళాయి కాడ కడిగేసుకుంటాడు. మీకు కొత్త చేతులు కావాలంటనా? ఈ చేతులేం జేశాయి? కుళ్ళిపోయినాయా?"

ఆ తర్వాత మాటలు లేవు. గోడకు తల ఆనించి ఏడ్చింది. అంతకాలం చర్చి వరండాలో దాచుకుంటూ వచ్చిన ఏడుపంతా ఆ రెండు గదుల్లోకి ఒక్కసారిగా వచ్చిపడింది. దయామణి ఆమెను పట్టుకుంది. పట్టుకుని, పాడుబుద్ధి, డబ్బా వైపు చూసింది. అంకె లేస్తోంది. ఇరవై దాటింది, నలభై దాటింది, పసుపు దీపం వెలిగింది, ఎరుపు కూడా వెలిగింది. అదీ! చూడండి పురుషోత్తంగారూ, ఇప్పుడు చూడండి!

ఎరుపు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. దీపాలన్నీ ఆరిపోయాయి. చిన్న తెర మీద అక్షరాలు పడ్డాయి: పరికరంలో లోపం, సరిచూడవలెను.

దయామణికి వెంటనే అర్థమైంది. ఏ ఇల్లయినా తన పాత తీరుకు మరీ దూరంగా పోతే ఇంటిని కాదు, పరికరాన్ని అనుమానించాలన్న నియమం డబ్బాలో ఉంది. అది రాసింది తనే. సున్నా ఇంటికి ఆ నియమం మరీ కట్టుదిట్టంగా పెట్టింది కూడా తనే. ఇన్నేళ్ళ నవ్వు ముందు ఒక్క ఏడుపు దానికి యంత్రం పాడైనట్టే కనిపించింది. సువార్త ఏడుపు లెక్కలోకి రాకుండానే చెరిగిపోయింది.

"ఏమంటదే అది?" అని సువార్త కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. "రాసుకుందా?"

"రాసుకుంది వదినా," అంది దయామణి.

పురుషోత్తంగారు ఆ తెర ఫొటో చూసి తల పంకించారు.

"పరికరం పాడైందని పరికరమే చెబుతోంది. నేనేం చేసేది?"

"సార్, మీకు అర్థమైంది. నేను చెప్పేది నిజమని మీకు తెలుసు."

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు. గొంతులో మర్యాద ఏమాత్రం తగ్గలేదు.

"తెలుసు దయామణిగారూ. మీ సున్నా తప్పే అనుకుందాం. అయితే ఏమిటి? మీ అన్నగారు పని పోయినా గొడవ చేయలేదు, రోడ్డెక్కలేదు, మీక్కూడా చెప్పలేదు, సర్దుకుపోయారు. ప్రభుత్వానికి కావాల్సింది ఇల్లు సుఖంగా ఉందా అన్నది కాదు. సర్దుకుపోతుందా లేదా అన్నది. ఆ సంగతి మీ డబ్బా చక్కగా చెబుతోంది. ఇంత బాగా పనిచేసే యంత్రాన్ని ఎందుకు పాడుచేసుకుంటారు?"

"పేపర్ల వాళ్ళకి చెప్తాను."

"చెప్పండి. వాళ్ళు మీ అన్నగారింటికి వెళ్ళి, ఎలా ఉన్నారండీ అని అడుగుతారు. ఆయన ఏమంటారు?"

అన్నయ్య ఏమంటాడో దయామణికి తెలుసు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, బాగానే ఉన్నామండీ, మాకేం లోటు అంటాడు.

మంత్రివర్గం పథకానికి ఆమోదముద్ర వేసింది. పేపర్లలో మొదటి పేజీలో వచ్చింది. మిల్లులో తీసిన వీడియో సినిమా హాళ్ళలో ఆట మొదలయ్యే ముందు వేశారు. దయామణిని కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారు. ఆమె కుర్చీలో ఎవరో కుర్రాణ్ణి కూర్చోబెట్టారని, అతనికి ఇదే మొదటి ఉద్యోగమని, సగం జీతం పథకం కిందే వస్తోందని కామేశంగారు ఫోను చేసి చెప్పారు. చెబుతూ ఆయన కొంచెం నవ్వబోయి, బాగుండదని ఆపుకున్నారు.

విశ్రాంతికని ఆమె గుంటూరే వచ్చింది. ఇశ్రాయేలుకి దగ్గు ఎక్కువై యార్డుకి పోవడం మానేశాడు. డాక్టరు మిరప దుమ్ముకి దూరంగా ఉండమన్నాడు. వేరే పని ఏదీ లేదు. చెల్లెలు డబ్బిస్తే వద్దనడు, తీసుకుని బీరువాలో పెడతాడు, ముట్టుకోడు. గోడ మీద చచ్చిన డబ్బా అలాగే ఉంది. దాని ముందు ఇప్పుడు ఎవరూ పాడటం లేదు. ఇంట్లో అందరూ ఉన్నా ఒక్కోసారి పూటంతా మాటుండదు. ఆ మౌనం దయామణికి భయంగా ఉన్నా, ఇదన్నా నిజమేలే అనుకునేది.

ఒక సాయంత్రం గుమ్మంలో ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. మెడలో కొత్త గుర్తింపు కార్డు, చేతిలో సంచి.

"గృహసూచి మార్చడానికి వచ్చానండీ. పాతది పాడైందంటగా. నా పేరు గౌసియా." ఆమె దయామణిని గుర్తుపట్టలేదు. పథకం కింద చేరి వారం కూడా కాలేదట.

పాతది తీసి, కొత్తది తగిలించి, మీట నొక్కింది. పసుపు దీపం వెలిగింది. ఈ ఇంటి పాత తీరు తెలియని ఆ డబ్బాలో అంకె యాభై దగ్గర నిలబడింది. గౌసియా మీట ఆపి మళ్ళీ నొక్కింది. మళ్ళీ యాభై. డబ్బా విప్పి చూసుకుంది, బిగించింది. ఆ పిల్ల నుదుటి మీద చెమట పట్టింది.

"ఏందమ్మా, ఏమైంది?" అన్నాడు ఇశ్రాయేలు.

"ఏం లేదంకుల్. ఇది రాష్ట్రంలో అన్నిటికంటే ముఖ్యమైన ఇల్లంట. ఇక్కడ సున్నా రాకపోతే తగిలించడం రాలేదని రాసేస్తారు. ట్రయల్లో ఉన్నాను కదా, ఒక్క మచ్చ పడినా తీసేస్తారు. మా నాన్న కూడా ఖాళీగా ఉన్నాడు. మిల్లులో చేసేవాడు, చలికాలంలో తీసేశారు."

"ఏ మిల్లు? మీ నాన్న పేరేంది?"

"చిలకలూరిపేట రోడ్డులో మిల్లు అంకుల్. మస్తాన్ వలీ."

"మస్తాన్ కూతురివా నువ్వు!" ఇశ్రాయేలు మంచం మీద నుంచి లేచాడు. "నా పక్క ఫ్రేమేనమ్మా మీ నాన్నది! ఎంత పొడుగైనావు! ఏయ్ సువార్తా, ఇటు రా, మన మస్తాన్ కూతురంట. ఉద్యోగం జేస్తంది!"

ఆయన గొంతు గలగలా మోగింది. దగ్గు వస్తే గొంతులోనే అణుచుకున్నాడు. మస్తాన్ మిల్లు క్యాంటీన్లో చేసిన ఏదో అల్లరి మొదలుపెట్టాడు. సువార్త వచ్చి డబ్బా వంక చూసింది. ఆ పిల్ల మొహం వంక చూసింది. కొంగు భుజాన వేసుకుని మొగుడి పక్కన కూర్చుంది, ఆ కథలో తప్పులు పడుతూ కిలకిలా నవ్వింది. అంకె నలభైకి దిగింది. ముప్పైకి దిగింది.

గౌసియా ఊపిరి బిగబట్టి తెరనే చూస్తోంది. ఇరవై దగ్గర అంకె ఆగిపోయింది. ఆమె దయామణి వైపు తిరిగి దీనంగా, "మీరు కూడా ఏదన్నా మాట్లాడండి మేడం," అంది. "ఒక్కరు మాట్లాడకుండా కూర్చున్నా ఇది పట్టేస్తుందంట."

పట్టేస్తుందని దయామణికి తెలుసు. నోరు విప్పి ఉన్న సంగతి చెబితే ఆ పిల్ల పని ఈ పూటతో సరి. ఊరికే కూర్చున్నా అంతే. ఆమెకు లేచి ఆ డబ్బాను నేలకేసి కొట్టాలనిపించింది. అన్న ఆమె వైపే చూస్తున్నాడు. బతిమాలుతున్న చూపు.

"ఏం కూర చేశావు వదినా?" అని అడిగింది. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ గొంతు.

"రొయ్యలిగురు," అంది సువార్త.

పచ్చదీపం వెలిగింది. గౌసియా రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వేసింది. ఆఫీసుకి ఫోను చేసి, "సెట్టయింది సార్, సున్నా వచ్చింది," అని చెప్పింది. సంచి సర్దుకుంటుంటే ఇశ్రాయేలు అడ్డుపడ్డాడు.

"పొద్దుపోయింది, భోంచేసి పో అమ్మా. మస్తాన్ కూతురివి, ఉత్త కడుపుతో పంపిస్తానా?"

ఆ మాటకు గౌసియా వంటింటి వైపు ఒకసారి చూసింది. ఎముకలు తేలిన మెడ, పొద్దుటి నుంచీ ఏమీ పడనట్టు ఎండిపోయిన పెదాలు. తల అడ్డంగా ఊపి, హుషారుగా నవ్వింది.

"వద్దంకుల్. ఇంట్లో బిర్యానీ తినే వచ్చాను."

ఆ మాట ముగ్గురిలో ఎవరూ నమ్మలేదు. డబ్బా నమ్మింది.